ఓల్డేజ్ హోమ్ నడిపేవాళ్లకు: షిఫ్టులు, సిబ్బంది, నర్సు, మందులు, వంటల్లో ఏ పద్ధతి మేలు?

అమ్మానాన్నల్ని చేర్చాలని హోమ్ చూడ్డానికి వచ్చే పిల్లలు ఉదయం పదకొండు ప్రాంతంలో వస్తారు. అప్పటికి స్నానాలు, టిఫిన్లు అయిపోయి ఉంటాయి. పక్కలు సర్ది ఉంటాయి. పెద్దవాళ్లు వరండాలో పేపరు చదువుతుంటారు. ఆ వేళకు ఏ పద్ధతిలో నడిచే హోమ్ అయినా బాగానే కనిపిస్తుంది. తేడా తెలిసేది రాత్రి రెండింటికి. బాత్రూంకి లేచిన పెద్దాయన పడిపోతే ఎవరు వస్తారు? ఎంతసేపట్లో వస్తారు? అంబులెన్స్ పిలిచే అధికారం అక్కడున్న మనిషికి ఉందా? కింద పోల్చిన పద్ధతులన్నిటినీ ఈ కొలతతోనే తూచాం.

ఉదాహరణకు హైదరాబాద్ శివార్లలో నలభై మంది ఉండే హోమ్‌ని తీసుకున్నాం. విజయవాడలోనో విశాఖలోనో ఇరవై మందితో నడిపేవాళ్లు మిగతా అంకెల్ని సగం చేసుకోవచ్చు. రాత్రి మనుషుల లెక్కను మాత్రం సగం చేయకూడదు. ఎందుకో షిఫ్టుల దగ్గర చెబుతాం.

ముందు పనిని కొలవండి

"నలభై మందికి ఎంతమంది కేర్‌టేకర్లు కావాలి?" అని అడిగితే ఒక్క అంకెలో జవాబు చెప్పలేం. నలభై మందీ సొంతంగా నడిచేవాళ్లయితే ఒక లెక్క, అందులో పదిమంది మంచం పట్టినవాళ్లయితే పూర్తిగా వేరే లెక్క. ముందుగా ప్రతి ఒక్కరికీ బార్తెల్ ఇండెక్స్ (ఎవరు ఎంతవరకు తమ పని తాము చేసుకోగలరో కొలిచే మార్కుల పట్టిక) వేయండి. తినడం, స్నానం, ముస్తాబు, బట్టలు వేసుకోవడం, మలం మీద అదుపు, మూత్రం మీద అదుపు, టాయిలెట్ వాడటం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడక, మెట్లు అని ఇందులో పది అంశాలుంటాయి. మొత్తం 100 మార్కులు. నర్సుకి ఒక్కొక్కరి దగ్గర పది నిమిషాలు చాలు.

మన ఉదాహరణలో 12 మంది తమ పని తాము చేసుకుంటారు, 18 మందికి స్నానానికీ బట్టలకూ సాయం కావాలి, 10 మందికి అన్నీ ఎవరో ఒకరు చేయాలి. రోజుకి మొదటి రకానికి అరగంట, రెండో రకానికి రెండు గంటలు, మూడో రకానికి నాలుగు గంటలు పట్టుకుందాం. 6 + 36 + 40, మొత్తం 82 గంటల పని. ఈ అరగంట, రెండు, నాలుగు అనేవి లెక్క మొదలుపెట్టడానికి వేసుకున్న అంకెలే. మీ హోమ్‌లో వరసగా మూడు రోజులు గడియారం పెట్టి కొలిచి, మీ అంకెలు వేసుకోండి. రెండో అంతస్తులో ఉన్నవాళ్లకు లిఫ్ట్ కోసం ఆగే సమయం కూడా ఇందులో చేరాలి.

12 గంటల షిఫ్టా, 8 గంటల షిఫ్టా?

చాలా హోమ్‌లు పొద్దున 8 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8 అని రెండు షిఫ్టులతో నడుస్తాయి. తక్కువ మంది సరిపోతారన్నదే కారణం. ఆ మాట లెక్కకు నిలబడుతుందో లేదో చూద్దాం.

8 గంటల షిఫ్టులో తిండి, విరామం, డ్యూటీ అప్పగింతలు పోగా చేతికి దక్కేది 7 గంటలు. 82 గంటల పనికి రోజుకి 12 షిఫ్టులు కావాలి: పొద్దున 5, మధ్యాహ్నం 4, రాత్రి 3. వారానికి 84. ఒక్కొక్కరు ఆరు షిఫ్టులు చేస్తే 14 మంది. సెలవులు, పండగలు, జ్వరాలు కలుపుకుని 16 మందిని పెట్టుకోవాలి.

12 గంటల షిఫ్టులో చేతికి దక్కేది 10 గంటలు. రోజుకి 9 షిఫ్టులు: పగలు 6, రాత్రి 3. వారానికి 63. ఆరు రోజుల చొప్పున 10.5, సెలవులు కలిపితే 12 మంది. పైకి నలుగురి జీతాలు మిగిలినట్టే.

కానీ ఆ 12 మందీ వారానికి 72 గంటలు పనిచేస్తున్నారు. చట్టం లెక్క వారానికి 48, ఆపైన చేసిన గంటలకు రెట్టింపు వేతనం. అదనంగా చేసిన 24 గంటలకు 48 గంటల జీతం ఇవ్వాలి కాబట్టి ఒక్కొక్కరికి వారానికి 96 గంటల జీతం పడుతుంది. 12 మందికి 1,152 గంటల జీతం. 8 గంటల పద్ధతిలో 16 మందికి 768. న్యాయంగా ఇస్తే 12 గంటల షిఫ్టే ఒకటిన్నర రెట్లు ఖరీదు. రెండు షిఫ్టుల పద్ధతి చవగ్గా కనిపిస్తోందంటే ఓవర్‌టైం ఎగ్గొడుతున్నారనే అర్థం. ఆ డబ్బు మిగులు కాదు, రేపు ఎవరైనా కార్మిక శాఖకు ఫిర్యాదు చేసిన రోజున కట్టాల్సిన బాకీ.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున 3 తర్వాత ఏం జరుగుతుందో చూడండి. కదల్లేనివాళ్లను రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఏడు గంటలుగా నిలబడ్డ మనిషి మూడింటికి కుర్చీలో కూర్చుంటే ఐదు దాకా లేవడు. నడుము కింద, మడమల మీద చర్మం ఎర్రబడటం అక్కడే మొదలవుతుంది. పొద్దున చార్టు చూస్తే మాత్రం 10, 12, 2, 4, 6 అని అన్ని గడులూ నిండి ఉంటాయి. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఒత్తుతో రాసి ఉంటే ఆ చార్టు ఆరింటికి కూర్చుని నింపిందే. దానికి మందలింపు పనిచేయదు. మనిషికి ఓపిక ఉండే షిఫ్టు ఇవ్వడమే మందు.

కేర్‌టేకర్లు స్వయంగా 12 గంటలే అడుగుతారన్నదీ నిజమే. ఒడిశా, ఝార్ఖండ్, శ్రీకాకుళం, ఖమ్మం ప్రాంతాల నుంచి వచ్చి హోమ్‌లోనే ఉండేవాళ్లకు ఖాళీ గంటలతో పనిలేదు, ఊరికి పంపే డబ్బు ముఖ్యం. వాళ్లకోసం వారానికి నాలుగే 12 గంటల షిఫ్టులు పెట్టే పద్ధతి ఒకటుంది. గంటలు 48 దాటవు, మూడు రోజులు విశ్రాంతి దొరుకుతుంది. కాకపోతే 63 షిఫ్టులకు 16 మంది, సెలవులతో 18 మంది కావాలి. పైగా రోజుకి ఎన్ని గంటలు చేయించవచ్చన్న పరిమితి వేరే ఉంటుంది కాబట్టి కార్మిక శాఖలో ముందే కనుక్కుని మొదలుపెట్టాలి. రాత్రి డ్యూటీలో ఆడవాళ్లుంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం, ఇళ్లకు వెళ్లేవాళ్లకు వాహనం తప్పనిసరిగా చూడండి.

మేం సిఫారసు చేసేది 8 గంటల షిఫ్టుకి చిన్న చేర్పు. హోమ్‌లో పని రోజంతా సమానంగా ఉండదు. పొద్దున 6 నుంచి 10 దాకా పళ్లు తోమించడం, స్నానాలు, డైపర్లు, షుగర్ చూడటం, ఇన్సులిన్, టిఫిన్ అన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. మళ్లీ సాయంత్రం 5 నుంచి 8. చుట్టుపక్కల బస్తీల్లో పొద్దున నాలుగు గంటలు పని చేయగల ఆడవాళ్లు దొరుకుతారు. పొద్దున షిఫ్టులో ఐదుగురికి బదులు నలుగుర్ని పెట్టి, 6–10కి ఇద్దరు పార్ట్‌టైం వాళ్లను కలపండి. గంటలు సమానమే, రద్దీలో చేతులు ఎక్కువ. వీళ్లకు స్నానం, దుస్తులు, తినిపించడం మాత్రమే అప్పగించాలి, మందుల జోలికి రానివ్వకూడదు.

డ్యూటీ మారేటప్పుడు పదిహేను నిమిషాలు రెండు షిఫ్టులూ కలిసి ఉండాలి. ఆఫీసులో కూర్చుని కాదు, పడక పక్కన నిలబడి అప్పగించాలి: ఏం తిన్నారు, మూత్రం, విరేచనం అయ్యాయా, కొత్త మందు ఉందా, మనిషి ఎప్పటిలా ఉన్నారా. ఈ పదిహేను నిమిషాలకూ జీతం ఇవ్వండి, లేకపోతే వారం రోజుల్లో అది నడవాలో జరిగే "ఏం లేదక్కా, మామూలే"గా మారిపోతుంది.

ఇక రాత్రి మనుషుల సంగతి. పడిపోయిన మనిషిని లేపాలంటే ఇద్దరు కావాలి. రెండు అంతస్తులుంటే, ఆ ఇద్దరూ ఒక గదిలో ఉన్నప్పుడు రెండో అంతస్తు బెల్లులు చూసేవాళ్లు ఇంకొకరు కావాలి. అందుకే ఇరవై మంది ఉన్నా రాత్రి మెలకువగా ఇద్దరికి తగ్గకూడదు, రెండు అంతస్తులైతే ముగ్గురు. వాళ్లలో కనీసం ఒక ఆడమనిషి, ఒక మగమనిషి ఉండాలి. వాచ్‌మన్‌ని ఈ లెక్కలో కలపొద్దు.

సొంత సిబ్బందా, ఏజెన్సీ మనుషులా?

ఏజెన్సీ వల్ల సుఖం ఒకటే: రేపు ఒకరు రాకపోతే ఇంకొకర్ని పంపుతారు. ఆ "ఇంకొకరే" అసలు సమస్య. పక్షవాతం వచ్చిన పెద్దావిడను మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీ ఆవిడకు బలమున్న పక్కన పెట్టాలి. ఏది బలమున్న పక్కో కొత్త మనిషికి తెలియదు. ఎవరికి చారన్నం మెత్తగా పిసికి పెట్టాలో, ఎవరు గొంతులో పడ్డా దగ్గకుండా ఊరుకుంటారో తెలియదు. ఇవి ఫైల్లో రాసి ఉన్నా, పొద్దున వచ్చిన మనిషి ఆరింటికే ఫైలు చదవడు.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. ఏజెన్సీ బిల్లులో జీతం, పీఎఫ్, ఈఎస్ఐ, వాళ్ల కమిషన్, వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి. మీ సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంటే ఆ 18 శాతం మీకు తిరిగి రాదు. సొంత మనుషులైతే యజమానిగా మీరు కట్టేది పీఎఫ్ 12 శాతం, నెలకు 21,000 లోపు జీతాలవాళ్లకు ఈఎస్ఐ 3.25 శాతం. కేర్‌టేకర్ చేతికి అంతే జీతం ముట్టాలనుకుంటే సొంత మనిషే చవక. అదే ఖర్చుకి జీతం కొంచెం పెంచినా మనిషి నిలుస్తాడు.

సొంత సిబ్బందితో వచ్చే కష్టాలూ చిన్నవి కావు. ఉండటానికి గది, తిండి మీరే చూడాలి. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు డార్మిటరీలు, రాత్రి డ్యూటీ చేసినవాళ్లు పగలు నిద్రపోవడానికి చీకటిగా, చప్పుడు లేకుండా ఉండే ఇంకో గది కావాలి. ఈ మూడో గది చాలాచోట్ల ఉండదు. పగలు నిద్రలేని మనిషి రాత్రి నిద్రపోతాడు. ఇంకొకటి: ఒక మంచి కేర్‌టేకర్ దొరికితే ఆమె చెల్లెలు, వదిన, ఊళ్లోవాళ్లు వరసగా చేరతారు. మొదట్లో బాగుంటుంది. తర్వాత ఊళ్లో ఒక పెళ్లి వస్తే ఒకేరోజు ఆరుగురు వెళ్లిపోతారు. ఒకే ఊరు, ఒకే కుటుంబం నుంచి మూడో వంతుకి మించి తీసుకోకండి. సంక్రాంతి సెలవుల చీటీ నవంబరులోనే రాసేయాలి. సగం మంది పండక్కి, మిగతా సగం మంది కనుమ మర్నాటి నుంచి. పండక్కి ఉండిపోయినవాళ్లకు అదనపు జీతం ముందే చెప్పాలి.

నలభై మంది హోమ్‌కి మా ఎంపిక: నూటికి ఎనభై మంది సొంతవాళ్లు, సెలవుల బొక్కలు పూడ్చడానికి మాత్రం ఒకటే ఏజెన్సీ. ఆ ఏజెన్సీ మనుషుల్ని పగటి షిఫ్టులోనే వాడాలి. ఒకే షిఫ్టులో ఇద్దరు కొత్తవాళ్లు ఉండకూడదు. ఒప్పందంలో ఈ నాలుగూ రాయించుకోండి: వచ్చిన మనిషిని మీరు అడగకుండా 90 రోజుల దాకా మార్చకూడదు, చేరకముందే పోలీస్ వెరిఫికేషన్ కాగితం, ఎన్ని గంటల్లో బదులు మనిషిని పంపుతారో స్పష్టంగా, గత నెల పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు పేర్లతో సహా చూపించాకే ఈ నెల బిల్లు చెల్లింపు. ఏజెన్సీ ఎగ్గొడితే ప్రధాన యజమానిగా ఆ భారం మీ మీదికే వస్తుంది.

సొంత మనిషిని తీసుకునే ముందు సర్టిఫికెట్ చూడండి, తర్వాత మూడు పనులు చేయించి చూడండి: మంచం నుంచి కుర్చీకి మార్చడం, పడుకున్న మనిషికి డైపర్ మార్చడం, కూర్చోబెట్టి తినిపించడం. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టారా, గడ్డం కొద్దిగా కిందికి ఉందా, ముద్ద మింగాకే రెండోది పెట్టారా, తిన్నాక అరగంట పడుకోబెట్టకుండా ఉంచాలని తెలుసా. ఆ కాసేపట్లో ఆ మనిషి పెద్దావిడతో మాట్లాడుతూ చేశారా, మౌనంగా చేశారా అన్నది కూడా గమనించండి. మాట్లాడుతూ చేసేవాళ్లకు మిగతావి నేర్పవచ్చు.

రాత్రి నర్సు ఉండాలా?

ఇది మీరు ఎవర్ని చేర్చుకుంటున్నారన్నదాన్ని బట్టి తేలాలి. రైల్స్ ట్యూబు (ముక్కు ద్వారా కడుపులోకి ఆహారం పంపే గొట్టం), ఆక్సిజన్, గొంతుకి ట్యూబు, రాత్రి ఇన్సులిన్ ఉన్నవాళ్లలో ఒక్కరున్నా జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన నర్సు ఇరవై నాలుగు గంటలూ ఉండాలి. వారానికి 168 గంటలు, 48 గంటల చొప్పున మూడున్నర మంది, సెలవులతో కనీసం నలుగురు నర్సులు. ఆ ఖర్చు భరించలేకపోతే అలాంటివాళ్లను చేర్చుకోకపోవడమే మర్యాద. "చూసుకుంటాం లెండి" అని చేర్చుకుని రాత్రి కేర్‌టేకర్ మీద వదిలేస్తే ఏమవుతుందో తెలిసిందే: పెద్దాయన రాత్రి ట్యూబు పీకేస్తారు, కేర్‌టేకర్ భయపడి తనే తిరిగి పెడతాడు, అది ఊపిరితిత్తుల దారిలోకి వెళ్తుంది. తెల్లారి పాలు ఆ ట్యూబులోనే పోస్తారు.

ఇలాంటివాళ్లెవరూ లేని హోమ్‌కి పగలు నర్సు, రాత్రి శిక్షణ పొందిన సీనియర్ కేర్‌టేకర్, ఫోన్‌లో అందుబాటులో ఉండే నర్సు, దగ్గర్లోని ఆసుపత్రితో ముందే మాట్లాడుకున్న ఒప్పందం సరిపోతాయి. అయితే రాత్రి మనిషికి రెండు సంగతులు నోటికి వచ్చి ఉండాలి. షుగర్ 70 కన్నా తగ్గితే, స్పృహలో ఉంటే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. పడిపోయిన మనిషికి తలకు దెబ్బ తగిలితే, లేదా ఆ మనిషి రక్తం పలచబడే మందు వాడుతుంటే, పైకి బాగానే కనిపించినా ఆసుపత్రికి పంపాల్సిందే.

మందులు: మూడు పద్ధతులు

కొన్ని హోమ్‌ల్లో ఎవరి మందులు వాళ్ల దగ్గరే ఉంటాయి. సొంత పని చేసుకునే పన్నెండు మందిలో మతిమరుపు లేనివాళ్లకు ఇది తప్పు కాదు, వాళ్ల స్వతంత్రం కూడా. నెలకోసారి మిగిలిన బిళ్లలు లెక్కపెట్టి చూస్తే చాలు.

మిగతావాళ్లకు ఎక్కువమంది వాడేది వారం డబ్బా: ఏడు రోజులు, రోజుకి నాలుగు గడులు, ఆదివారం నర్సు నింపుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ రెండు చోట్ల దెబ్బతింటుంది. ఒకటి, స్ట్రిప్పు నుంచి తీశాక తెల్ల బిళ్లలన్నీ ఒకేలా ఉంటాయి, ఏది బీపీదో ఏది షుగర్‌దో రాత్రి మనిషికి తెలియదు. రెండు, డాక్టరు బుధవారం మందు మారుస్తారు, డబ్బాలో గురువారం నుంచి శనివారం దాకా పాతదే ఉంటుంది. కొత్తదీ వస్తుంది, పాతదీ వెళ్తుంది. బీపీ పడిపోయి బాత్రూంలో పడేది ఆ రాత్రే. కూర్చున్న మనిషి లేచి నిలబడిన మూడు నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింద బీపీ 10 గానీ పడిపోతే ఆ సంగతి డాక్టరుకి వెంటనే చెప్పాలి.

మూడో పద్ధతి మందుల ట్రాలీ. ఒక్కొక్కరికి పేరు, ఫొటో, గది నంబరు ఉన్న అర, అందులో మందులు స్ట్రిప్పులతో సహా. చార్టులో చూసి, స్ట్రిప్పు మీద పేరు చదివి, మనిషి ఎదుటే తీసి ఇచ్చి, మింగాక సంతకం. ఇచ్చాక సంతకమే తప్ప ముందు కాదు. నలభై మందికి పొద్దున పూట గంటన్నర పడుతుంది, వారం డబ్బాతో నలభై నిమిషాలే. ఆ యాభై నిమిషాలు ఖర్చు పెట్టండి. డాక్టరు మార్చిన మందు స్ట్రిప్పుని అదే గంటలో అర నుంచి తీసేయడం ఈ పద్ధతిలో ప్రాణం లాంటిది.

ఇక్కడ మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. అమెరికా నుంచి పిల్లలు విటమిన్లు, నొప్పి బిళ్లలు, నిద్ర బిళ్లలు తెస్తారు. పేరు చివర "పీఎం" అని ఉండే నొప్పి బిళ్లల్లో చాలావాటిలో డైఫెన్‌హైడ్రమిన్ ఉంటుంది. అమెరికా జీరియాట్రిక్స్ సొసైటీ వారి బీర్స్ జాబితాలో పెద్దవాళ్లకు తగదని ఉన్న మందు అది: అయోమయం, మూత్రం రాకుండా ఆగిపోవడం, పడిపోవడం. పైగా వాటిలోని పారాసెటమాల్‌ని అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు కాబట్టి ఇక్కడి డోలోతో కలిసి రెట్టింపు పడినా ఎవరూ గుర్తించరు. చేరిన రోజే, పిల్లలు వచ్చి వెళ్లిన ప్రతిసారీ, తలగడ కింద, బీరువాలో ఉన్నవన్నీ అడిగి తీసుకుని నర్సుకి చూపించండి. తీసుకునేటప్పుడు దొంగని పట్టుకున్నట్టు కాక, మర్యాదగా.

ఇన్సులిన్ తెరవనివి ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. తెరిచిన తేదీ సీసా మీద రాయండి, మామూలుగా 28 రోజుల తర్వాత వాడకూడదు. సూదులు తెల్లటి, గుచ్చుకోని డబ్బాలోకే వెళ్లాలి, చెత్తబుట్టలోకి కాదు.

వంట: సొంత వంటగదా, క్యాటరింగా?

క్యాటరింగ్‌లో రుచి బాగుండొచ్చు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు బాధ్యత చాలావరకు వాళ్లదే. కానీ వ్యాను ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే రాత్రి ఇన్సులిన్ ఇచ్చేసి భోజనం కోసం ఎదురుచూసే పరిస్థితి వస్తుంది. అందుకే ఇన్సులిన్ వాడేవాళ్లు నలుగురైదుగురు ఉన్నా సొంత వంటగదే మేలు. క్యాటరర్‌ని వంటమనిషి రాని రోజుకి సిద్ధంగా ఉంచుకోండి. పళ్లెం ఎదురుగా వచ్చాకే ఇన్సులిన్ అన్న నియమం ఎక్కడైనా పెట్టాలి.

నలభై మందికి నలభై పథ్యాలు వండలేం. మామూలు, మెత్తనిది, గ్రైండ్ చేసిన జావ, ట్యూబు అని నాలుగే రకాలు పెట్టి, పళ్లెం మీద రంగు చుక్కలతో షుగర్, ఉప్పు తగ్గింపు గుర్తులు పెట్టండి. ఉప్పు కూరలో తగ్గించి ఆవకాయ, అప్పడం వడ్డిస్తే లెక్క చెడిపోతుంది. అలాగని ఎనభై ఏళ్ల మనిషికి ఆవకాయ పూర్తిగా మాన్పిస్తే అన్నమే మానేస్తారు. గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు బద్ద ఒకటి ఇవ్వండని డాక్టర్లతో మాట్లాడి ఒప్పించే మేనేజరు కావాలి. రక్తం పలచబడటానికి ఎసిట్రోమ్ వాడేవాళ్లకు ఆకుకూరలు మాన్పించనక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో ఉండేలా చూడాలి. ఏకాదశి, శనివారం ఉపవాసాలుండే షుగర్ మనుషుల జాబితా నర్సు దగ్గర ఉండాలి. గ్లిమెపిరైడ్ లాంటి మందు వేసుకుని భోజనం మానేస్తే షుగర్ పడిపోతుంది కాబట్టి ఆ రోజు మోతాదు ఏం చేయాలో డాక్టరుతో ముందే రాయించుకోండి.

పొడి ఇడ్లీ, బ్రెడ్డు, పల్లీలు గొంతులో అడ్డం పడే జాబితాలో మొదటివి. ఇడ్లీని సాంబారులో నానబెట్టి పెట్టండి. రాత్రి ఏడున్నరకు భోజనం, పొద్దున ఎనిమిదిన్నరకు టిఫిన్ అయితే మధ్యలో పదమూడు గంటల ఖాళీ. తొమ్మిదింటికి ఒక గ్లాసు పాలు చేర్చండి. నెలకోసారి బరువు చూడండి, ఒక నెలలో 5 శాతం తగ్గితే వంటగది, పళ్లు, మందులు, మనసు అన్నీ వెతకాలి.

మతిమరుపు ఉన్నవాళ్లు: కలిపి ఉంచాలా, వేరుగానా?

తొలిదశలో ఉన్నవాళ్లను అందరితోనే ఉంచండి. రాత్రిళ్లు తిరగడం, వేరేవాళ్ల గదుల్లోకి వెళ్లడం, గేటు దాటడం మొదలైతే కింది అంతస్తులో ఆరు నుంచి ఎనిమిది పడకల చిన్న విభాగం వేరు చేయడం అందరికీ నెమ్మది. తలుపులు బిగించేసి అదే విభాగం అనుకోవద్దు. చుట్టూ తిరిగి మొదటికే వచ్చే నడక దారి, రాత్రంతా బాత్రూం దాకా మసక వెలుగు, ముఖ్యంగా మారని మనుషులు ఉండాలి. మిగతా హోమ్‌లో కేర్‌టేకర్లను నెలకోసారి గదులు మార్చినా పర్లేదు, ఇక్కడ మార్చకండి.

ఫీజు: అందరికీ ఒకటేనా, అవసరాన్ని బట్టా?

ఒకే ఫీజు పెడితే గొడవలుండవు. కానీ కొన్నాళ్లకు ఎక్కువ సాయం కావాల్సినవాళ్లను వదిలించుకోవాలన్న ఒత్తిడి హోమ్ మీద పడుతుంది, అది మంచిది కాదు. బార్తెల్ మార్కుల్ని బట్టి మూడు స్థాయిలు పెట్టండి. ప్రతి 90 రోజులకూ, ఆసుపత్రి నుంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ కొలవండి. మారితే పట్టిక కాపీతో సహా పిల్లలకు పంపండి. పట్టిక కళ్లెదుట ఉంటే వాదన సగం తగ్గుతుంది. డైపర్లు, ఫిజియోథెరపీ, ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి ఖర్చు ఫీజులో ఉన్నాయో లేవో ఒప్పందంలో విడిగా రాయాలి. డిపాజిట్ వేరే ఖాతాలో ఉంచి, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో రాయండి. ధర్మసంస్థగా ఆదాయపు పన్ను శాఖలో నమోదైన హోమ్‌కి, 60 దాటినవారి దగ్గర బస, భోజనం అన్నీ కలిపి నెలకు 25,000 దాకా తీసుకుంటే జీఎస్టీ మినహాయింపు ఉంది. ప్రైవేటు సంస్థలకు ఇది వర్తించదు.

మేనేజరుగా ఎవరు?

హోటల్ రంగం నుంచి వచ్చినవాళ్లు పరిశుభ్రత, భోజనం, పిల్లలతో మాట బాగా చూస్తారు. వాళ్ల కన్ను ఫిర్యాదు మీద ఉంటుంది. ఫిర్యాదు చేయలేని మనిషి, రెండు పూటలుగా అన్నం వదిలేసి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఆ కంటికి ఆనడు. నర్సింగ్ నుంచి వచ్చినవాళ్లకు ఆ మనిషే ముందు కనిపిస్తాడు. అందుకే మేం నర్సింగ్ అనుభవం ఉన్నవాళ్లనే మేనేజరుగా ఎంచుకుంటాం, వంట, శుభ్రత చూడటానికి ఇంకొకర్ని ఇస్తాం. నర్సు మేనేజర్లతో ఒక జాగ్రత్త: హోమ్‌ని వార్డులా నడిపే అలవాటు వస్తుంది. రాత్రి షిఫ్టు దిగేలోపు స్నానాలు పూర్తి చేయాలని తెల్లవారుజామున నాలుగున్నరకే లేపి నీళ్లు పోయడం అలాంటిదే. పూజ కోసం ఐదింటికే స్నానం చేసే అలవాటున్నవాళ్లుంటారు, అది వాళ్ల ఇష్టం. మిగతావాళ్లకు ఆరింటికి ముందు స్నానం లేదని రాసి పెట్టండి.

ఎవరు మేనేజరైనా వారానికి ఒక రాత్రి చెప్పకుండా రావాలి. ప్రతి సోమవారం ఐదు అంకెలు బోర్డు మీద రాయాలి: పడిపోయినవాళ్లు, కొత్త పుండ్లు, బరువు తగ్గినవాళ్లు, ఆసుపత్రికి వెళ్లినవాళ్లు, పని మానేసిన సిబ్బంది. పడిపోయినట్టు చెప్పిన కేర్‌టేకర్‌కి జరిమానా వేస్తే ఆ తర్వాత అంకెలు తగ్గుతాయి, పడటం తగ్గదు.

రాత్రి ఇన్‌ఛార్జికి రాతపూర్వకంగా ఈ అధికారం ఇవ్వండి: ఎవర్నీ అడక్కుండా 108 పిలవవచ్చు, ఆసుపత్రికి పంపవచ్చు. పిల్లలకు ఫోన్ ఆ తర్వాత. ఇందుకు ప్రతి ఒక్కరి పేరా ఒక ఫైలు తలుపు పక్కన ఉండాలి: ఏ ఆసుపత్రి, మందుల చీటీ, అలర్జీలు, ఆధార్, ఇన్సూరెన్స్ లేదా ఆరోగ్యశ్రీ కాపీలు, 70 దాటినవారికి ఆయుష్మాన్ వయ వందన కార్డు. వెంటిలేటర్ మీద ఉంచవద్దని ముందే రాసుకున్నవారి పత్రం కాపీ కూడా అందులోనే. 2018లో సుప్రీంకోర్టు ఆ పత్రానికి గుర్తింపు ఇచ్చింది, 2023లో నిబంధనలు తేలిక చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ సరిపోతాయి.

పిల్లలు ముగ్గురుంటే ముగ్గురితోనూ మాట్లాడొద్దు. నిర్ణయాలకు ఒక్కరి పేరు చేరేటప్పుడే రాయించుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇక్కడి రాత్రి ఏడున్నర అనువైన వేళ, వేసవిలో న్యూయార్క్‌లో అప్పుడు పొద్దున పది, డల్లాస్‌లో తొమ్మిది. వారానికోసారి ఆ వేళకు నర్సు ఫోన్ చేస్తే రోజంతా వచ్చే వాట్సాప్ మెసేజీలు చాలా తగ్గుతాయి. ఎల్డర్‌లైన్ 14567 నంబరు పెద్దవాళ్లందరికీ కనిపించే గోడ మీద రాయించండి. ఫిర్యాదు చేసుకునే దారి వాళ్లకు ఉండాలి.

ఇప్పటికే నడుస్తున్న హోమ్‌లో ఏది ముందు మార్చాలి?

రాత్రి ఇన్‌ఛార్జి అధికార పత్రం, తలుపు పక్క ఫైళ్లు ఈ వారమే చేయవచ్చు, డబ్బు పట్టదు. తర్వాత పొద్దున పార్ట్‌టైం ఇద్దరు. ఆపైన మందుల ట్రాలీ, ముందు ఒక అంతస్తుకి, రెండు వారాలు చూసి రెండో అంతస్తుకి. షిఫ్టుల మార్పు చివర్న. జీతం తగ్గుతుందేమోనన్న భయం సిబ్బందిలో ఉంటుంది కాబట్టి కొత్త లెక్క కాగితం మీద రాసి, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, అప్పుడే మార్చాలి. ఈ మార్పు సంక్రాంతి ముందు పెట్టుకోవద్దు. ఫిబ్రవరి మొదటి వారంలో మొదలుపెట్టి మార్చి నెలాఖరుకి పూర్తి చేస్తే, ఎండలు ముదిరి ఒంట్లో నీరు తగ్గి రాత్రిళ్లు కలవరింతలు, మూత్రంలో మంటలు ఎక్కువయ్యే ఏప్రిల్, మే నెలలకు కొత్త రాత్రి షిఫ్టు చేయి తిరిగి ఉంటుంది.